పడమటి కిటికీ తెర

ఏడోసారి కూడా తెర దిగలేదని ఫోన్ వచ్చేసరికి మద్దిలేటి అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఫోన్ చేసింది ఓబుళరెడ్డి. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఒకసారి వచ్చి మా ఆమె ముఖం చూసిపో అప్పా," అని మాత్రం అన్నాడు.

మద్దిలేటి వెళ్ళి చూశాడు.

ఓబుళరెడ్డి భార్య జలజాక్షి టీచరు. కర్నూల్లో ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై ఏళ్ళు ఆటలు నేర్పింది. మూడేళ్ళ కిందట నడుస్తూ నడుస్తూ తూలడం మొదలైంది. కండరాలు ఒక్కొక్కటీ చచ్చుబడిపోయే జబ్బు అన్నారు హైదరాబాదు డాక్టర్లు. మందు లేదన్నారు. కాళ్ళు పోయాయి. చేతులు పోయాయి. ఇప్పుడు మంచం మీద మెడ కూడా తనంతట తాను తిప్పుకోలేదు. మిగిలినవి చూపూ, మాటా.

ఆ మాట కోసమే ఓబుళరెడ్డి పోయిన డిసెంబరులో మద్దిలేటిని పిలిపించాడు. ఆయనకు బేతంచెర్లలో నాపరాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. పొద్దున పోతే చీకటి పడే ముందు వస్తాడు. పగలంతా రంగమ్మ అనే మనిషి టీచరును చూసుకుంటుంది.

"నీళ్ళు తాగాలన్నా ఒకరు తాపాల. దోమ వాలినా ఒకరు తోలాల. ఏదో ఒక్క పనన్నా ఆమె చేతిలో ఉండాల గదప్పా. ఆ కిటికీ అయినా ఆమె మాట వినేటట్లు చెయ్యి," అన్నాడు.

మంచానికి ఎదురుగా పడమటి గోడంతా కిటికీయే. దానికి మద్దిలేటి మోటారు తెర బిగించాడు. గోడ మీద ఒక చిన్న డబ్బా పెట్టాడు. దాన్ని పేరు పెట్టి పిలిస్తే నీలం దీపం వెలుగుతుంది. తర్వాత తెర ఎత్తమంటే ఎత్తుతుంది, దించమంటే దించుతుంది. ఏం పేరు పెట్టమంటారని అడిగితే టీచరు "మల్లి" అంది. ఆమె ఖోఖో జట్టులో అందరికంటే ముందు లేచి ఉరికే పిల్ల పేరట అది.

"మల్లీ, తెర ఎత్తు."

తెర లేచింది. దూరంగా జగన్నాథగట్టు కొండ కనపడింది. టీచరు నవ్వింది. మళ్ళీ దించింది. మళ్ళీ ఎత్తింది. ఆ పూట పదిహేను సార్లు ఎత్తించి దించిందని రంగమ్మ చెప్పింది. పనిలేక కాదు. పిలిస్తే పలికేది ఒకటుందని.

ఆ రోజు మద్దిలేటి మెట్లు దిగుతుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఫిబ్రవరిలో మొదలయ్యాయి తిప్పలు. ఒకసారి పలికేది, ఒకసారి పలికేది కాదు. డబ్బా తలుపు పైన గోడకుంది. సిగ్నల్ అందడం లేదనుకుని దాన్ని తీసుకొచ్చి కిటికీ పక్కనున్న అర మీద పెట్టాడు. నెల రోజులు బాగా నడిచింది. మళ్ళీ మామూలే.

ఇక అక్కడి నుంచి మద్దిలేటి చేయని పని లేదు. వైఫై మార్చాడు. బ్యాటరీ తీసేసి కరెంటు లైనే లాగాడు. మోటారు మార్చాడు, మార్చిన మోటారు మళ్ళీ మార్చాడు. ఫోన్‌లో పెట్టిన సెట్టింగులన్నీ చెరిపేసి మొదటి నుంచి పెట్టాడు. బెంగుళూరులో కంపెనీవాళ్ళకు ఫోన్ చేస్తే అన్నీ ఆపి మళ్ళీ వేయమన్నారు. వేశాడు.

వేసిన ప్రతిసారీ గది నడుమ నిలబడి తనే పరీక్ష చేసేవాడు. ఆమెను అలసట పెట్టడమెందుకని తనే పిలిచేవాడు. పదిసార్లు పిలిస్తే పదిసార్లూ పలికేది. "చూడండి మేడం, బాగుంది," అనేవాడు. టీచరు కళ్ళతోనే ఊఁ అనేది. మర్నాడు సాయంత్రానికి మళ్ళీ ఫోన్ వచ్చేది.

ఫోన్‌లో ఒక పట్టీ ఉంటుంది, డబ్బా ఏ పూట ఏం విన్నదీ, ఏం చేసిందీ అందులో పడుతుంది. తెర దిగని పూటల్లో ఆ పట్టీ ఖాళీగా ఉండేది. తప్పు విన్నట్లు కూడా లేదు. ఎవరూ పిలవనట్లే ఉండేది.

ఒక్క సంగతి మాత్రం పట్టుకోగలిగాడు. పొద్దున పని చేస్తుంది. సాయంత్రం చేయదు. ఎండకు మోటారు వేడెక్కుతోందనుకున్నాడు. దానికొక అట్ట అడ్డం కట్టాడు.

ఏడోసారి ఫోన్ వచ్చిన ఆ రోజు రంగమ్మ వడియాలు ఎత్తడానికి మిద్దె మీదికి పోయింది. ఏప్రిల్ ఎండ. నాలుగు దాటాక పొద్దు నేరుగా ఆ అద్దంలోంచి మంచం మీదికి దిగింది. తెర దిగలేదు. రంగమ్మ మిద్దె మీద పక్కింటామెతో మాటల్లో పడి గంటన్నర తర్వాత దిగి వచ్చింది.

టీచరు ముఖం కాగి, ఒక చెంప నల్లగా కమిలింది. పెదాలు పగిలాయి. కళ్ళు వాచిపోయి సగం మూసుకుని ఉన్నాయి. మెడ తిప్పలేని మనిషి. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకోలేని మనిషి.

మద్దిలేటి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. లోపలికి పోవడానికి ముఖం చెల్లలేదు.

మర్నాడు పొద్దున అతను పాత బజారుకు పోయాడు. అక్కడ ఖలీలుల్లా అంగడి ఉంది. రేడియోలు, పెళ్ళి మైకు సెట్లు, మసీదు లౌడ్‌స్పీకర్లు బాగు చేస్తాడు. డెబ్బై దాటినవాడు. మద్దిలేటి పదకొండేళ్ళు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. రెండేళ్ళ కిందట, "తీగల కాలం పోయింది ఉస్తాద్," అని చెప్పి సొంత అంగడి పెట్టుకున్నాడు. ఉస్తాద్ అప్పుడు, "మంచిది బేటా," అని మాత్రం అన్నాడు.

ఈ రెండేళ్ళలో మద్దిలేటి ఆ గడప తొక్కలేదు.

ఉస్తాద్ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. స్టూలు ముందుకు జరిపాడు. మద్దిలేటి కూర్చోలేదు. అంతా నిలబడే చెప్పాడు.

"ఇంక నాతో కాదు ఉస్తాద్. ఈ పని నాకు రాదు. వచ్చనుకున్నా, అంతే. ఎక్కడన్నా గుమస్తాగా చేరిపోతా."

ఉస్తాద్ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఏ పూట పని చేయదంటివి?"

"సాయంత్రం. నాలుగు దాటినాక."

"అయితే నాలుగింటికి పోదాం."

"పోయి ఏం చూస్తారు ఉస్తాద్? అన్నీ చూసినా. మార్చడానికి ఇంకేం మిగల్లేదు ఆడ."

ఉస్తాద్ కళ్ళద్దాలు దించుకుని మళ్ళీ పనిలో పడ్డాడు.

నాలుగింటికి ఇద్దరూ పోయారు. టీచరు మంచం మీదికి ఇంకా ఎండ రాలేదు. చెంపకు మందు పూసి ఉంది. ఉస్తాద్ తలుపు దగ్గర చెప్పులు విడిచి, మంచం దగ్గరికి పోయి సలాం చేశాడు. మోటారు వైపు చూడలేదు. మద్దిలేటి చూపించబోయిన ఫోన్ చూడలేదు. రంగమ్మ కుర్చీ వేస్తే దాన్ని మంచం తలాపుకు జరుపుకుని కూర్చున్నాడు.

కాసేపు ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. ఆమె, "మా బడి మైకు మీరే బాగుచేసేవాళ్ళు గదా," అని ఉంటుంది. ఉస్తాద్ నవ్వుతూ, "మైకు దేనికమ్మా, మీరు పిలిస్తే మా అంగడి దాకా వినపడేది," అన్నాడు. టీచరు కళ్ళు కూడా నవ్వాయి. ఆ నవ్వు చూడలేక మద్దిలేటి తల తిప్పుకున్నాడు.

ఎండ మంచం అంచు మీదికి పాకింది. రంగమ్మ కిటికీ దగ్గరికి పోబోతే ఉస్తాద్ చెయ్యెత్తి ఆపాడు.

"బేటా, ఆ డబ్బా తీసెయ్యి."

మద్దిలేటి తీసేశాడు.

"ఇప్పుడు అది ఉండిన చోట నువ్వు నిలబడు. తల అర దగ్గర పెట్టు. ముఖం గోడకు తిప్పుకో. కళ్ళు మూసుకో."

"ఎందుకు ఉస్తాద్?"

"తెరకు చేతి బటన్ ఉండాది గదా నీ పక్కన? టీచరమ్మ పిలిచినప్పుడు దించు. అంతే నీ పని."

మద్దిలేటికి సిగ్గనిపించింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, బడిలో తప్పు చేసిన పిల్లాడి మాదిరి గోడకు తిరిగి నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. వేలు బటన్ మీద పెట్టుకున్నాడు.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఏసీ బుస. కింద రోడ్డు మీద ఎవరో ఆటో హారను ఆపకుండా కొడుతున్నారు. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమని ఆగింది. ఎడమ భుజానికి అద్దంలోంచి ఎండ తగిలింది. మొదట వెచ్చగా, తర్వాత చురుక్కుమని.

పిలుపు రాలేదు.

ఉస్తాద్ ఆమెతో ఇంకా మాట్లాడుతున్నాడేమో అనుకున్నాడు. ఆమె ఊపిరి తీసుకుంటోందేమో అనుకున్నాడు. చెమట మెడ మీద నుంచి వెన్నులోకి దిగింది. భుజం మండుతోంది. తను చొక్కా వేసుకుని ఉన్నాడు. తను కావాలంటే పక్కకు జరగగలడు.

ఇంకా పిలుపు రాలేదు.

"ఎప్పుడు పిలుస్తారు ఉస్తాద్?" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

ఇంకాసేపు చూసి వెనక్కి తిరిగాడు.

ఎండ టీచరు గడ్డం దాకా వచ్చింది. ఉస్తాద్ తలాపు దగ్గరే, ఆమె పెదాలకు జానెడు దూరంలో చెవి పెట్టుకుని కూర్చున్నాడు. కుడి చేతి వేళ్ళు నాలుగు మడిచి ఉన్నాయి.

"నాలుగుసార్లు పిలిచింది బేటా."

మద్దిలేటి చూస్తుండగానే టీచరు పెదాలు మళ్ళీ కదిలాయి. మెడలో నరాలు తేలాయి. ఆమె తన శక్తి అంతా పెట్టి పిలుస్తోంది. "మల్లీ" అన్న ఆకారం పెదాల మీద కనపడింది. తొమ్మిది అడుగుల దూరంలో ఉన్న అతనికి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

ఉస్తాద్ ఐదో వేలు మడిచాడు.

మద్దిలేటి బటన్ నొక్కాడు. తెర దిగింది. గది చల్లబడింది.

ఇన్నాళ్ళూ ఆమె ఏదన్నా చెబితే తను మంచం మీదికి వంగి విన్నాడు. రంగమ్మ కూడా వంగేది. ఓబుళరెడ్డి వంగేవాడు. ఆ ఇంట్లో అందరికీ వంగడం అలవాటైపోయింది. నెల నెలా ఇంకొంచెం ఎక్కువ వంగుతున్నామని ఎవరూ చూసుకోలేదు. పొద్దున, ఊపిరి ఉన్నప్పుడు, మల్లి పలికింది. సాయంత్రానికి అలసిపోయాక పలకలేదు. తను మూడు నెలలు మోటారు విప్పాడు, ఒక్కసారన్నా ఆమె చేత పిలిపించి చూడలేదు.

టీచరు అతని వైపే చూస్తోంది. ఉస్తాద్ లేచి కుర్చీ వదిలి పక్కకు జరిగాడు. మద్దిలేటి వచ్చి కూర్చుని వంగాడు.

"నాకు ముందే తెలుసు," అంది ఆమె. రెండు మాటలకొకసారి ఆగుతోంది. "మార్చిలోనే తెలుసు."

"మరి నాకేంటికి చెప్పలేదు మేడం?"

ఆమె ఊపిరి కూడదీసుకుంది.

"నువ్వు వచ్చి మోటారు విప్పినప్పుడల్లా అనుకుంటాంటి. ఈసారి దొరుకుతాదేమో, లోపం దాంట్లోనే ఉంటాదేమో అని."

మద్దిలేటి తీసి పక్కన పెట్టిన డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు.

"డబ్బా దిండు పక్కన పెడతా మేడం. ఈడ వినపడుతుంది."

"పెట్టు." ఆగింది. "ఎన్నాళ్ళు?"

ఆమె జవాబు కోసం అడగలేదు. మళ్ళీ పెదాలు కదిపింది. అతను ఇంకా దగ్గరికి వంగాడు.

"ఆయనకు చెప్పొద్దు. గొంతుకు ఇంకా రెండేళ్ళు ఉందన్నాడంట డాక్టరు. ఆ రెండేళ్ళ మీదే బతుకుతాండాడు." కళ్ళు మూసుకుని తెరిచింది. "నేనే చెప్తా. గొంతు ఉండంగనే చెప్తా. ఇంకొక్క నాలుగు రోజులు."

మద్దిలేటి ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ రంగమ్మ ఇచ్చిన టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటున్నాడు. తలెత్తలేదు.

డబ్బాను దిండు పక్కన, ఆమె చెంపకు జానెడు దూరంలో పెట్టి, కరెంటు ఇచ్చి, వైరును గోడకు బిగిస్తుండగా ఓబుళరెడ్డి వచ్చాడు. చొక్కా మీద, కనుబొమల మీద రాతిపొడి. చెప్పులతోనే లోపలికి వచ్చాడు. ముందు భార్య చెంప చూశాడు. తర్వాత నేల మీదున్న మద్దిలేటిని చూశాడు.

"ఏందప్పా, దొరికిందా? యాడుంది లోపం?"

మద్దిలేటి చేతిలో వైరు ఆగిపోయింది. మంచం మీద నుంచి రెండు కళ్ళు తననే పట్టుకుని ఉన్నాయని తెలుస్తూనే ఉంది. అటు చూడలేదు.

ఊళ్ళో ఇలాంటి పని చేసేవాళ్ళు ముగ్గురే. ఓబుళరెడ్డికి తెలియని బిల్డరు లేడు. ఈయన నోట ఒక్క మాట వస్తే ఇక తన అంగడి తలుపు తీసే పనుండదు. పైగా తన చేతి పనికి వంక లేదు. ఇన్నాళ్ళూ వెతికి వెతికి చచ్చి, ఈరోజే తెలిసింది వంక లేదని.

"నా దాంట్లోనే ఉండె సార్," అన్నాడు. "డబ్బా పెట్టాల్సిన చోట పెట్టలేదు. తప్పు నాదే."

ఆ సమయానికి టీచరు పెదాలు కదిపింది. దిండు పక్కన నీలం దీపం వెలిగింది. తెర సర్రున లేచింది. పొద్దు గట్టు వెనక్కి దిగిపోతోంది. గదిలోకి ఎర్రటి వెలుతురు వచ్చింది.

ఓబుళరెడ్డి తెర వైపు చూశాడు, డబ్బా వైపు చూశాడు. అతని ముఖం ఒక్క క్షణం వెలిగి, అంతలోనే మండింది.

"ఇంతేనా? ఈడి నుంచి ఈడికి జరపడమేనా?" అన్నాడు. "దీనికా నువ్వు మూడు నెలలు తిప్పలు పెట్టింది? నిన్న ఆమె ఎట్ల కాలిపోయిందో చూసినావు గదా? ఇంత చిన్న పనికా?"

"అవును సార్."

"మనిషివేనా నువ్వు? ఇంకొక ఇంటి గడప తొక్కనిస్తానా నిన్ను! అందరికీ చెప్తా నీ పనితనం ఎట్లాంటిదో. లే. లేచి పో ముందు."

మద్దిలేటి వైరును గోడకు బిగించడం పూర్తి చేశాడు. లేచాడు. టీచరు వైపు ఒక్కసారి చూశాడు. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారి కమిలిన చెంప మీదికి దిగుతున్నాయి. తుడుచుకోలేని మనిషి కదా. ఓబుళరెడ్డి వంగి తన కండువాతో అద్దాడు.

"ఇంక ఏడవాకు. బాగైపాయ గదా," అంటున్నాడు ఆమెతో. "నీ గొంతుకేం కాలే. అంతా ఆ దరిద్రపు డబ్బా వల్లనే. ఇంక నువ్వు పిలిస్తే పలుకుతాది."

ఉస్తాద్ టీ సాసర్ కింద పెట్టి, ఇద్దరికీ సలాం చేసి బయటికి నడిచాడు. మద్దిలేటి వెనకాలే వచ్చాడు.

రెండంతస్తులు మెట్లు దిగారు. కింద మెట్టు మీద మద్దిలేటి కూలబడిపోయాడు. మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఉస్తాద్ పక్కన నిలబడ్డాడు. భుజం మీద చెయ్యి వేయలేదు. ఊరుకో అనలేదు. పైనుంచి ఓబుళరెడ్డి గొంతు వినపడుతోంది, ఆమెకు ఏదో సంబరంగా చెబుతున్నాడు. మధ్య మధ్య ఆగుతున్నాడు. అప్పుడు ఆమె మాట్లాడుతున్నట్లుంది.

చాలాసేపటికి మద్దిలేటి ముఖం తుడుచుకున్నాడు.

"నా జన్మలో పనిలో అబద్ధం చెప్పలేదు ఉస్తాద్. మీరు నేర్పలేదు నాకు. ఈరోజు చెప్పినా. నా దాంట్లోనే లోపం ఉందని చెప్పినా."

ఉస్తాద్ అతని ముఖంలోకి చూశాడు.

"దాంట్లో అబద్ధమేముంది బేటా?" అన్నాడు.